బ్రాంట్ వారి అబ్బాయి

పోయిన నెల ఇక్కడ అమెరికాలో, మా ఆష్‌బర్న్‌లో, వీధి చివరి ఇంట్లో కొత్తగా దిగిన జంటకి పాప పుట్టిందంటే చూసి రావడానికి వెళ్లాను. పాప మీద కప్పిన బొంతను ఆ అమ్మాయి మురిపెంగా తీసి నా చేతికిచ్చింది. ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేసిందట. "చేత్తో కుట్టిందే ఆంటీ, ట్యాగ్ కూడా ఉంది చూడండి" అంది. కళ్లజోడు సవరించుకుని చూశాను. కుట్లు చేతివే, అందులో మోసం లేదు. గుడ్డ మాత్రం కొత్తది, ఇంకా గంజి వాసన పోలేదు. పురిటిబిడ్డకి కొత్తగుడ్డ బొంత ఏమిటమ్మా అని నోటిదాకా వచ్చింది, మింగేశాను. ఈ మధ్య నా నోటికి నేనే తాళం వేసుకోవడం నేర్చుకుంటున్నాను, మా పిల్లలు చాలా సంతోషిస్తున్నారు. ఇంటికి వచ్చాక మాత్రం ఆ రోజంతా మా అమ్మ గుర్తొస్తూనే ఉంది.

అమ్మ దృష్టిలో బొంత అంటే పాత చీరలే. ఏళ్ల తరబడి కట్టి, ఉతికి, ఆరేసి, చివరికి పట్టుకుంటే చేతిలో ఉందో లేదో తెలియనంత మెత్తబడ్డ నేత చీరలు. వాటిని నాలుగైదు పొరలుగా నేల మీద పరిచి, మూలల్లో బరువులు పెట్టి, ముందు పెద్ద పెద్ద టాకాలు వేసి, తర్వాత అంచు నుంచి మధ్యకి చుట్టూ తిరుగుతూ కుట్టుకుంటూ వచ్చేది. నాకూ మా తమ్ముడికీ, నాన్న స్నేహితుల పిల్లలకీ ఎన్ని కుట్టిందో చెప్పలేను. వాటన్నిటిలో ఎవరూ కప్పుకోని బొంత ఒకే ఒక్కటి ఉంది. దాని మీద ఒక పేరు కుట్టింది. ఆ పేరు పూర్తిగా ఉండాలా, సగమే ఉండాలా అన్నదాని మీద పక్కపక్కనే ఉన్న రెండు ఇళ్లు ఒక వసంతకాలమంతా అల్లాడాయి. అందులో నా తప్పు ఒకటుంది. ఇన్నేళ్లుగా ఎన్నో రాశాను గానీ అది మాత్రం రాయలేదు.

డెబ్బైల చివర్లో మేం ఒహాయోలో ఒక చిన్న ఊళ్లో ఉండేవాళ్లం. నాన్న అక్కడి పెయింట్ ఫ్యాక్టరీలో కెమిస్టు. ఆయన చొక్కా నుంచి ఎప్పుడూ టర్పెంటైన్ వాసన వచ్చేది, అమ్మ పోపు వాసన దానితో పోటీ పడేది, చలికాలం కిటికీలన్నీ బిగించాక రెండూ రాజీపడి ఇంట్లోనే కాపురం ఉండేవి. ఆ ఊళ్లో తెలుగువాళ్లం మేమొక్కరమే. నన్ను స్కూల్లో చేర్పించేటప్పుడు నాన్న ఫారంలో మన అలవాటు చొప్పున కొండూరి శారద అని వరసగా రాసేశారు. దాంతో టీచర్లు రెండేళ్లపాటు నన్ను కొండూరీ, కొండూరీ అని ముద్దుగా పిలిచారు. శారద ఎవరో వాళ్లకి తెలియదు. నేను ఏడ్చినా అమ్మ పట్టించుకోలేదు. ఇంటిపేరుతో పిలుస్తున్నారంటే మర్యాద తెలిసినవాళ్లే కదా అంది. అమ్మకి మనుషులు ఇళ్లతో సహా గుర్తుండేవారు. పక్కింటి వాళ్లు ఆవిడకి వాల్ట్, డోరతీ కారు. బ్రాంట్ వారు. వాళ్ల కొడుకు డెన్నిస్ బ్రాంట్ వారి అబ్బాయి.

ఆ బ్రాంట్ వారికి ఊరి నడిబజారులో హార్డ్‌వేర్ కొట్టు ఉండేది. కొట్టు నెత్తిన పెద్ద పెద్ద అక్షరాలతో వాళ్ల ఇంటిపేరు. వాల్ట్‌గారి తండ్రి పెట్టించిన బోర్డట అది. వాల్ట్‌గారు నిలువెత్తు మనిషి, మాట పొదుపు. చర్చిలో పెద్దల్లో ఒకరు. మంచు పడ్డ రోజు తన వాకిలి ఊడ్చుకుంటూ ఆగకుండా మా వాకిలి కూడా ఊడ్చేసి, నాన్న థ్యాంక్స్ చెప్పేలోపు లోపలికి వెళ్లిపోయేవారు. డోరతీగారు అలా కాదు. ఆవిడ ఇల్లంతా నిమ్మవాసన వేసే పాలిష్, ఇస్త్రీ చేసిన దిండు గలేబులు, రేడియోలో ధాన్యం ధరలు, వీటి మధ్య ఆవిడ గొంతు. ఒక వేసవిలో అమ్మ వెనక వరండాలో చీరలు పరుచుకుని కూర్చుని ఉంటే ఆవిడ పళ్లెంలో ఆపిల్ పై పట్టుకుని వచ్చింది. కుర్చీ కోసం అమ్మ లేవబోతుంటే వద్దని చెప్పి, మోకాళ్లు పట్టుకుని మూలుగుతూ నేల మీద కూర్చుంది. బొంత అంచు తిరగేసి కుట్లు చూసింది. అమ్మకి ఇంగ్లీషు అంతంత మాత్రం, ఆవిడకి తెలుగు సున్నా. సాయంత్రం నేను ఆడుకుని వచ్చేసరికి ఇద్దరూ రెండు వైపుల నుంచి కుట్టుకుంటూ వస్తున్నారు.

అలా అమ్మ గురువారం గుంపులో చేరింది. చర్చి బేస్‌మెంట్‌లో ఎనిమిది మందో తొమ్మిది మందో ఆడవాళ్లు పెద్ద చెక్క చట్రానికి క్విల్ట్, అంటే వాళ్ల బొంత, బిగించి, చుట్టూ కుర్చీలు వేసుకుని పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కుట్టేవాళ్లు. సెలవు రోజుల్లో నేనూ వెళ్లేదాన్ని. కాగి కాగి నల్లబడ్డ కాఫీ, తడిసిన ఉన్నికోట్లు, నేలకి రాసిన మైనం, అన్నీ కలిసిన ఆ వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే ఆగిపోతాను. అమ్మ ఐస్‌క్రీం డబ్బాలో పులిహోర తీసుకెళ్లేది. మొదట్లో వాళ్లు మొహమాటానికి తిన్నారు, తర్వాత డబ్బా కోసం ఎదురుచూశారు. కుర్చీలో కూర్చుని కుట్టడం మాత్రం అమ్మకి నిలబడి భోంచేసినట్టు ఉండేది. అంగుళానికి పది కుట్లు పడాలని వాళ్ల పట్టుదల. అమ్మవి నాలుగు పడేవి. అక్కడో పద్ధతి ఉండేది, కుట్టు సరిగా పడలేదంటే ఎవరిదైనా సరే మాట్లాడకుండా విప్పేసేవాళ్లు, విప్పించుకున్నావిడ నొచ్చుకోకూడదు. అమ్మవి తెగ విప్పేవాళ్లు. అమ్మ నొచ్చుకునేది, మొహం మాత్రం నవ్వుతూ ఉండేది.

అయినా మానలేదు. ఎందుకంటే ఆ క్విల్టులు ఎవరికి వెళుతున్నాయో అమ్మకి తెలిసింది. ఒక ఇల్లు కాలిపోతే వాళ్లకి. ఫలానా పొలంలో పనిచేసే కుర్రవాడి పెళ్లికి. పక్క ఊళ్లో పుట్టిన బలహీనపు కవలలకి. నెలల తరబడి కుట్టి, మొహం కూడా చూడని మనిషికి ఇచ్చేయడం, పేరు కూడా రాసుకోకపోవడం. అమెరికాలో ఎవరి బతుకు వారిదని, పక్కవాడు చచ్చినా పలకరించరని చెప్పి పంపారు అమ్మని మా బంధువులు. ఈ ముసలమ్మల్ని చూసి అమ్మ వాళ్లకి ఒక పెద్ద ఉత్తరం రాసింది. మీరెవరూ చూడకుండా మాట్లాడారని అందులో కాస్త ఘాటుగానే ఉంది. ఆ ఆడవాళ్లంటే నాకు ఈ రోజుకీ గౌరవమే. తర్వాత జరిగినదంతా కలుపుకుని చెబుతున్నాను ఈ మాట.

డెన్నిస్ నాకంటే పదేళ్లు పెద్ద. మా ఇంటి ముందు వాలులో నాకు రోలర్ స్కేట్స్ నేర్పింది అతనే. తన గది కిటికీలో స్పీకర్ పెట్టి పాటలు వేసి, ఆ తాళానికి నేను పడిపోతే అక్కడి నుంచే చప్పట్లు కొట్టేవాడు. కాలర్లు భుజాల దాకా పరుచుకున్న చొక్కాలు, వాటిని తనే ఇస్త్రీ చేసుకునేవాడు. ఒకరోజు నన్ను కూర్చోబెట్టి, ఇందులో నీ పేరేది, మీ ఇంటిపేరేది అని అడిగాడు. చెప్పాను. ఆ రోజు నుంచి ఆ ఊళ్లో నన్ను శారదా అని పిలిచిన మొదటి మనిషి అతను. వాళ్ల నాన్న కొట్టు కిటికీని అలంకరించే పని అతనిది. చెత్త ఊడ్చే పళ్లచీపుర్లు, రంగు డబ్బాలు, తాళ్లచుట్టలు, వాటితోనే ఏదో చేసేవాడు, కార్లు నెమ్మదించి చూసేవి. కొట్టు కొడుక్కి అప్పగించాలని వాల్ట్‌గారి ఆశ. కొడుకు న్యూయార్క్ వెళ్లి పెద్ద పెద్ద దుకాణాల కిటికీలు అలంకరించడంలో కుదురుకున్నాడు. క్రిస్మస్‌కి వచ్చినప్పుడల్లా అమ్మకి మఖమలు ముక్కలూ శాటిన్ ముక్కలూ సంచీడు తెచ్చేవాడు. బొంతకి పనికిరావని అమ్మ వాటిని ఏ ఒక్కటీ వాడలేదు, ఏ ఒక్కటీ పారేయలేదు.

నేను హైస్కూల్లో ఉండగా, ఒక అక్టోబర్‌లో, అతను ఇంటికి తిరిగొచ్చేశాడు. కారు దిగి వాకిలి దాకా నడవడానికి రెండుసార్లు ఆగాడు. వారం తిరక్కుండా ఊరంతా తెలిసిపోయింది. ఎయిడ్స్ అన్న మాటను ఎవరూ పైకి అనేవారు కాదు, పెదవులతో మాత్రం అనేవారు. ఎవరింట్లో జబ్బు చేసినా వంటకాల పళ్లేలు వరస కట్టే ఆ ఊళ్లో, బ్రాంట్ వారి గుమ్మంలోకి ఒక్క పళ్లెం రాలేదు. ఆస్పత్రిలో ఉన్న నాలుగు రోజులూ భోజనం ట్రే గది బయట నేల మీద పెట్టి వెళ్లిపోయేవారట. డోరతీగారు గురువారాలు మానేసింది. ఎందుకు రావడంలేదని ఎవరూ ఫోన్ చేయలేదు.

మా ఇంట్లోనూ భయం ఉంది, లేదని రాయను. నాన్న లైబ్రరీలో కూర్చుని దొరికినదల్లా చదివి వచ్చి, ముట్టుకుంటే రాదు, కంచం గ్లాసుల వల్ల రాదు అని వంటింట్లో నిలబడి అమ్మకి పాఠంలా చెప్పారు. అమ్మ అంతా విని, అయితే అన్నం పెట్టొచ్చా అని అడిగింది. పెట్టొచ్చన్నారు. మర్నాడే పాత బియ్యం జావ కాచి, స్టీలు గ్లాసులో పోసుకుని వెళ్లింది. వచ్చి తలంటు పోసుకుంది. ఆ రోజు నేను గమనించాను. చాలా ఏళ్ల తర్వాత అమ్మే ఆ మాట ఎత్తి, ఆ తలంటు నీళ్లు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది అంది. రెండో రోజు నుంచి తలంటు లేదు. రోజుకో పథ్యం. మిరియాల చారు, బీరకాయ, మజ్జిగ తేట. డాక్టర్లు ఇచ్చినవి నిలవకపోయినా అమ్మ జావ అతని కడుపులో నిలిచేది. ఆ గ్లాసును తెచ్చి కడిగి, మా గ్లాసుల మధ్యే బోర్లించేది. ఎంగిలి విషయంలో మా అమ్మ ఎంత పట్టింపు మనిషో తెలిసిన నాకు అదేమంత చిన్న విషయం కాదు. ఒకసారి డోరతీగారు మా వంటింట్లో నిలబడి, ఆ గ్లాసును మిగతావాటితో కలిపి పెట్టడం చూసింది. సింకు అంచు పట్టుకుని ఏడ్చింది. అమ్మకి ఎందుకో అర్థం కాలేదు, ఉల్లిపాయలు తరుగుతున్నందుకు సారీ చెప్పింది.

వసంతం మొదట్లో డెన్నిస్ పోయాడు. పేపర్లో దీర్ఘ అనారోగ్యం అని వేశారు. వాల్ట్‌గారు కొట్టు ఒక పూట మూశారు, మర్నాడు తీశారు. కొన్నాళ్లకి న్యూయార్క్ నుంచి డెన్నిస్ స్నేహితుడు డోరతీగారికి ఉత్తరం రాశాడు. ఈ జబ్బుతో పోయినవాళ్ల కోసం దేశమంతా గుడ్డలు కుడుతున్నారనీ, ఒక్కొక్కరికి ఒక్కో గుడ్డ, దాని మీద వాళ్ల పేరు, అన్నీ కలిపి వాషింగ్టన్‌లో పచ్చిక మీద పరుస్తారనీ. కొలత మూడడుగులు, ఆరడుగులు. ఆ కొలతే ఎందుకని అమ్మ అడిగింది. సమాధి అంతే ఉంటుందని డోరతీగారు చెప్పింది. నేను దాన్ని తెలుగులోకి మార్చి చెప్పాక అమ్మ నేల మీద మూరలతో ఆ పొడవు కొలిచి చూసింది.

డోరతీగారు ఆ ఉత్తరం గురువారం గుంపు ముందు పెట్టింది. ఆ గుంపు పెద్దావిడ చాలా మృదువుగా, ఇది ఇక్కడ వద్దు డోరతీ అందట. ఇరవై ఏళ్లు కూర్చున్న కుర్చీలోంచి డోరతీగారు లేచి వచ్చేసింది. అందుకని ఆ గుడ్డ మా ఇంట్లో, మా హాలు నేల మీద, బొంత పద్ధతిలో మొదలైంది. వాళ్లకి న్యాయంగా ఒకటి చెప్పాలి. ఆ గుంపులోని ఇద్దరు ముసలమ్మలు ఒకరికి తెలియకుండా ఒకరు వచ్చి, మంచి దారపు ఉండలు మా వరండాలో పెట్టి వెళ్లారు. తలుపు కొట్టలేదు. దారం రంగు చూసి ఎవరిదో డోరతీగారు పోల్చింది.

కిందపొర డోరతీగారి పెళ్లినాటి టేబుల్ గుడ్డ. పైపొర డెన్నిస్ చొక్కాలు విప్పి అతికినది. మధ్యలో ఎవరికీ కనిపించకుండా మా అమ్మమ్మ చీర. ఎప్పుడు పెట్టిందో అమ్మ ఎవరికీ చెప్పలేదు, మెత్తగా ఉంటుందని మాత్రం అంది. డోరతీగారి వేళ్లు అప్పటికే కీళ్లవాతంతో వంకర్లు పోయి ఉన్నాయి కాబట్టి పేరు కుట్టే పని అమ్మదైంది. ఆ పేరు దగ్గరే ఉంది చిక్కంతా. ఒకరోజు డోరతీగారు నన్ను వాళ్ల వంటింట్లోకి పిలిచి, తుడిచిన గట్టునే మళ్లీ తుడుస్తూ చెప్పింది. వాల్ట్ ఒప్పుకున్నాడు, కానీ పేరొక్కటే. ఇంటిపేరు వద్దన్నాడు. కొట్టు మీద ఉన్న పేరది, చర్చిలో పిలిచే పేరది, ఈ ఊళ్లో బతకాలి కదా అన్నాడు. తనకి చేతనైనంత పోట్లాడిందట. చాలా ఇళ్లవాళ్లు అలాగే ఒట్టి పేరు పెట్టి పంపుతున్నారట. "మీ అమ్మకి కారణం చెప్పకు హనీ. నాకు సిగ్గుగా ఉంటుంది. ఈ కాగితం ఇచ్చెయ్యి చాలు" అంది. కాగితం మీద పెద్ద అక్షరాలతో డెన్నిస్ అని ఉంది. ఆ సాయంత్రమే ఇండియానాలో ఉన్న చెల్లెలు పడిపోయిందని ఫోన్ వస్తే వారం రోజులకని వెళ్లిపోయింది.

కాగితం అమ్మకి ఇచ్చాను. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కొడుకు పోయిన దుఃఖంలో ఇంటిపేరు రాయడం మర్చిపోయింది పాపం అంది. అమ్మకి అది అంత తేలిగ్గా తోచింది. ఈ దేశంలో పిల్లలు కూడా పెద్దవాళ్లని ఒట్టి పేరుతో పిలుస్తారు, అది రోజువారీ మాట. కానీ శుభలేఖ మీదైనా, పోయినవాళ్ల పేరు చెప్పేటప్పుడైనా ఇంటిపేరు లేకుండా ఎలా. మూడో రోజు నేను స్కూల్ నుంచి వచ్చేసరికి అమ్మ వాల్ట్‌గారి కొట్టు పేరున్న కాగితపు సంచీని కత్తిరించి, అందులోని అక్షరాలను గుడ్డ మీద నమూనాగా పెట్టుకుంది. మొదటి అక్షరం అప్పటికే గొలుసు కుట్టుతో సగం నిండింది. "వాళ్లింటిపేరు ఇదే కదే, ఇంతే కదా అక్షరాలు?" అని అడిగింది. నేను చూశాను. నాకు తెలుసు. ఒక్క మాట చెబితే అక్కడితో ఆగిపోతుంది. ఊ అన్నాను.

ఎందుకన్నానని నన్ను నేనే ఎన్నిసార్లు అడిగానో. పదిహేనేళ్ల పిల్లని, డెన్నిస్ అంటే ప్రాణం. కొడుకు పోయిన మర్నాడు కొట్టు తీసిన ఆ మనిషి మీద నాకు ఒళ్లు మండుతోంది. ఆ గుడ్డ మీది పేరుతోనే ఆయన నోరు మూయించాలనుకున్నానేమో. దాని దెబ్బ డోరతీగారికి తగులుతుందని, తెలియక కుట్టిన మా అమ్మకి తగులుతుందని మాత్రం నాకు తట్టలేదు.

శనివారం మధ్యాహ్నం డోరతీగారు తిరిగొచ్చింది. బొంత బరువుగా ఉంటుందని మోయడానికి వాల్ట్‌గారిని కూడా వెంటబెట్టుకొచ్చింది. మా ఇంట్లోకి ఆయన అడుగుపెట్టడం నాకు తెలిసి అదే మొదటిసారి. అమ్మ గర్వంగా దుప్పటి తీసి చూపించింది. పైన బ్రాంట్, కింద డెన్నిస్. కొట్టు బోర్డు మీద ఎలా ఉంటుందో అలాగే, అదే మెలికలతో, డెన్నిస్ నీలం చొక్కా మీద. డోరతీగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మీ అమ్మకి నువ్వు కాగితం ఇవ్వలేదా అని నన్నడిగింది. ఇచ్చానన్నాను. వాల్ట్‌గారు టోపీ చేతిలో పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడిపోయారు, మొహంలో రక్తం లేదు.

ఏమైందే అని అమ్మ నన్నడిగింది. అప్పుడు చెప్పాను, ఇంటిపేరు వద్దన్నారని, నాకు ముందే తెలుసని. అమ్మ నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. తిట్టలేదు. బొంత దగ్గర చతికిలబడి, చిన్న కత్తెర తీసుకుంది. "విప్పేస్తానని చెప్పు. గంటలో విప్పేస్తాను, మచ్చ కనపడదని చెప్పు" అంది. ఆవిడ గురువారాల్లో నేర్చుకున్న మర్యాద అది. మొదటి అక్షరం కాలి దగ్గర రెండు కుట్లు తెంపింది.

"ఆగమను. ఎందుకు పెట్టిందో అడుగు" అన్నారు వాల్ట్‌గారు.

అడిగాను. అమ్మ తల ఎత్తలేదు. "ఏముందే, ఇంటిపేరు లేకుండా పంపిస్తే, అక్కడ ఎవరబ్బాయివని అడిగితే ఏం చెప్తాడు?" అంది.

ఆ వారమంతటిలో నేను నిజాయితీగా చేసిన పని ఒక్కటే, ఆ మాటని ఒక్క ముక్క మార్చకుండా ఇంగ్లీషులో చెప్పడం. వాల్ట్‌గారు సోఫా చెయ్యి పట్టుకుని, ఒక మోకాలు, రెండో మోకాలు, అలా నేల మీదికి దిగారు. అంత పెద్ద మనిషి మా నేల మీద ఎక్కడ పట్టాలో తెలియక బొంత అంచున సర్దుకున్నారు. వాళ్ల నాన్న పెట్టించిన బోర్డు అక్షరాలను చూపుడు వేలితో చివరిదాకా తడిమారు. తెగిన దారం దగ్గర వేలు ఆగింది. అమ్మ చేతిలోంచి కత్తెర తీసుకున్నారు, పసిపిల్ల చేతిలోంచి తీసుకున్నంత నెమ్మదిగా. దాన్ని చొక్కా జేబులో వేసుకుని గుండీ పెట్టుకున్నారు. "దీన్ని పంపడానికి మంచి పెట్టె కావాలి. నేను చేస్తాను" అన్నారు డోరతీగారితో. ఆవిడ ఆయన భుజం మీద తలపెట్టి, మేమున్నామన్న సంగతే మర్చిపోయి ఏడ్చింది. అమ్మ నన్ను వంటింట్లోకి లాక్కెళ్లి, వినిపించకుండా అప్పుడు తిట్టింది. ఆ తిట్లు నాకు న్యాయంగా రావలసినవే.

ఆ తెంపిన రెండు కుట్లూ అమ్మ మళ్లీ వేసింది. కొట్టుకి కొంతమంది రావడం మానేశారు. చర్చిలో పెద్దరికాన్ని వాల్ట్‌గారే వదులుకున్నారని విన్నాను, ఆయన మాత్రం ఎవరితోనూ ఆ మాట అనలేదు. బోర్డు మాత్రం అలాగే ఉంది. ఆ మనిషి మీద నాకున్న కోపం ఎటు పోయిందో నాకే తెలియదు. నాకు తెలిసిన మగవాళ్లలో అంత ధైర్యం చేసినవాళ్లు తక్కువ. ధైర్యం చేయడానికి ఆయన పడ్డ కష్టం కళ్లారా చూశాను కాబట్టి మరీ గౌరవం.

ఆ రోజుల్ని బంగారు రోజులని నేననను. ఇప్పుడైతే డెన్నిస్ పొద్దున్నే ఒక మాత్ర వేసుకుని పనికి వెళ్లేవాడు, ఈపాటికి రిటైర్ అయి నాతో వాదించేవాడు. ఆ మాత్ర కొన్నేళ్లు ముందు వచ్చి ఉంటే అన్న ఆలోచన ఈ వయసులో కూడా నన్ను నిద్ర లేచిన క్షణంలో పట్టుకుంటుంది. కానీ ఒకటి అనిపిస్తుంది. ఇప్పుడు మా చుట్టూ ఇంతమంది తెలుగువాళ్లం, ఇన్ని ఇళ్లు, ఇన్ని గుళ్లు. ఎవరింట్లోనైనా పిల్లలు మనం ఊహించని దారిలో వెళ్తేనో, చెప్పుకోలేని జబ్బు పడితేనో మాట్లాడటం మానేస్తాం. ఏదో హెల్త్ ఇష్యూ అటండీ, వాళ్లు ప్రైవసీ కావాలంటున్నారు అంటాం. ప్రైవసీ అన్న మాట చాలా సౌకర్యంగా ఉంది, దాని చాటున మన భయమంతా దాక్కుంటుంది. వాళ్ల గుమ్మంలో జావ గ్లాసు పట్టుకుని నిలబడటానికి మాత్రం మనకి టైము ఉండదు. నన్ను కూడా కలుపుకునే అంటున్నాను. పోయిన ఏడాది ఒకరింటికి వెళ్లాలనుకుని, ముందు మెసేజ్ పెట్టి చూద్దామని ఆగి, అది కూడా పెట్టలేదు.

ఆ శరత్కాలంలో వాషింగ్టన్‌కి రెండు కార్లలో వెళ్లాం, ముందు వాళ్లు, వెనక మేము. పొద్దున్నే పచ్చిక మీద, తెల్లబట్టలు కట్టుకున్నవాళ్లు మూలలు పట్టుకుని ఒక్కొక్క మడతా విప్పుతూ గుడ్డల్ని పరిచారు. కనుచూపు మేర పేర్లు. అమ్మ చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నడిచింది, ఎవరూ చెప్పలేదు. అంతమంది జనంలో గుసగుస కూడా లేదు. ఒక పక్క మైకు పెట్టి, వచ్చినవాళ్లే వంతులవారీగా పోయినవాళ్ల పేర్లు చదువుతున్నారు. చూస్తుండగానే వాల్ట్‌గారు ఆ వరసలో వెళ్లి నిలబడ్డారు. డోరతీగారికి కూడా చెప్పలేదు. ఆయన వంతు వచ్చింది. ఎవరో కాగితం ఇచ్చారు. ముక్కూ మొహం తెలియనివాళ్ల పేర్లు, ఏ ఒక్కటీ తప్పు పలకకూడదన్నట్టు ఆగి ఆగి, ప్రతి పేరూ ఇంటిపేరుతో సహా చదివారు. ఇంటిపేరు లేనివి వచ్చినప్పుడు కాస్త ఎక్కువసేపు ఆగారు. కాగితం అయిపోయాక మడిచి, తల ఎత్తారు.

"డెన్నిస్ బ్రాంట్" అన్నారు. మైకుకి ఇంకాస్త దగ్గరగా వంగారు.

"మా అబ్బాయి" అన్నారు.